రాతి దుమ్ము – ఊపిరితిత్తిలో మచ్చ – క్యాన్సరు

టెక్కలి నీలి గ్రానైటు పేరు దేశదేశాలకు పాకింది. ఆ రాయిని తొలిచేవాళ్లలో, కోసేవాళ్లలో, పాలిష్ పట్టేవాళ్లలో మావంటి వ్యవసాయ కుటుంబాల వాళ్లూ ఉన్నారు. "దుమ్మేటి సేస్తాది? దగ్గితే పోద్ది" అని వాళ్లు అనగా విన్నాను. సైన్సు విద్యార్థిగా ఆ మాటకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెద్ద దుమ్ము దగ్గితే పోతుంది, నిజమే. కాని గ్రానైటులో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంది. అది సిలికా స్ఫటికం. రాయిని పొడిగా కోసినప్పుడు 5 మైక్రాన్ల కన్న చిన్న రేణువులు కూడా లేస్తాయి. కంటికి కనబడని ఈ రేణువులు తిన్నగా వాయుగోణులకు చేరతాయి. అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్ అనే కణం రేణువును మింగుతుంది గాని అరిగించుకోలేదు. చివరికి తానే చస్తుంది. బయటపడ్డ రేణువును ఇంకొక కణం మింగుతుంది. ఇలా వాపు ఆరకుండా సాగుతుంది. దాన్ని మాన్పబోయి ఫైబ్రోబ్లాస్టు కణాలు కొల్లాజెన్ అనే పీచును పేరుస్తాయి. స్పంజిలా ఉండవలసిన చోట గట్టి మచ్చలు ఏర్పడతాయి. ఇదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు, అంతకు మించి దుమ్ము పీల్చాక బయటపడుతుంది. పని మానేసినా మచ్చ మానదు; పెరగవచ్చు కూడా.

మరి మచ్చకూ క్యాన్సరుకూ సంబంధమేమిటి? 1939లో జర్మనీలో ఫ్రీడ్రిష్ అనే ఆయన మచ్చల మీద పుట్టిన ఊపిరితిత్తి క్యాన్సర్లను వర్ణించాడు. "మచ్చ క్యాన్సరు" అనే మాట వాడుకలోకి వచ్చింది. 1980 ప్రాంతంలో పరిశోధకులు తిరిగి పరిశీలించి, చాలా కణుతులలో మచ్చ ముందు వచ్చింది కాదనీ, క్యాన్సరే దాన్ని కల్పించుకుందనీ చూపారు. కాబట్టి మచ్చ ఉన్న ప్రతివారికీ క్యాన్సరు రాదు.

కాని ఆరని వాపు సంగతి వేరు. అందులో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు డి.ఎన్.ఎ.ను గాయపరుస్తాయి. కణాలు మళ్లీ మళ్లీ విభజన చెందుతాయి, తప్పులు పోగవుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో, పనిచోట పీల్చే సిలికా స్ఫటిక ధూళిని మనిషికి క్యాన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. సిలికోసిస్ ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. దానికి చుట్టా, బీడీ తోడైతే చెప్పనక్కర లేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బులోనూ చివరికి మిగిలేది ఇటువంటి మచ్చే. దానికోసం పలాసలో 2023లో పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. ఆ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. రాతి దుమ్ము మచ్చకు కారణం మాత్రం మనకు తెలుసు. ఆపే దారీ తెలుసు. నీళ్లు పోస్తూ తొలవాలి, దుమ్మును పీల్చే యంత్రం పెట్టాలి. ముఖానికి చుట్టిన తువ్వాలు సన్న రేణువును ఆపదు. ఏటా ఎక్స్‌రే తీయించాలి. సిలికోసిస్‌ను టి.బి.గా పొరబడటమూ ఉంది, సిలికోసిస్ ఉన్నవారికి టి.బి. సులువుగా సోకడమూ ఉంది. అందుచేత దగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు "నేను రాయి పని చేశాను" అని ముందుగా చెప్పాలి.

చదువుకున్న మనం సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ ఒక్క మాట చెప్పినా చాలు.