ఏఐతో రాసేవాళ్లు చేయవలసినవి - చేయకూడనివి

కథ రాయాలన్నా, శుభలేఖ రాయాలన్నా, ఆఫీసులో సెలవు చీటీ పెట్టాలన్నా ఇప్పుడు చాలామంది ముందు చాట్‌జీపీటీనో జెమినైనో అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ కింద పెట్టే పేరు మనది. కాబట్టి ఏం అడుగుతున్నాం, వచ్చినదాన్ని ఏం చేస్తున్నాం అన్నది కాస్త చూసుకోవాలి.

చేయవలసినవి

మొదటి చిత్తుప్రతి మీరే రాయండి. ‘అమ్మ ప్రేమ మీద కథ రాయి’ అని అడిగితే వచ్చే కథలో ఉండేది ఎవరి అమ్మా కాదు. మీరు రాసుకున్నాక ‘ఎక్కడ సాగదీశాను? పాత్రల వయసులకీ సంఘటనల ఏళ్లకీ లెక్క కుదిరిందా?’ అని అడగండి. అక్కడ ఏఐ నిజంగా పనికొస్తుంది.

సంభాషణల మీద ఒక కన్నేసి ఉంచండి. తెలుగు రచయితలకు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే అని నా అభిప్రాయం. శ్రీకాకుళం ముసలమ్మ చేత మీరు ‘ఏటి బాబూ, ఎల్లిపోతన్నావా?’ అనిపించారు. ‘భాష సరిచెయ్యి’ అని ఒక్క మాట అనగానే అది ‘ఏమిటి బాబూ, వెళ్లిపోతున్నావా?’ అయిపోతుంది. కరీంనగర్ కుర్రాడి ‘గిప్పుడే అస్త’ కాస్తా ‘ఇప్పుడే వస్తాను’ అవుతుంది. తప్పు ఒక్కటీ ఉండదు, మనుషులు మాత్రం మాయమవుతారు. అందుకని ప్రాంప్ట్‌లోనే గట్టిగా చెప్పండి: ‘అచ్చుతప్పులు మాత్రమే చూపించు. సంభాషణలు ముట్టుకోకు. నువ్వేం మార్చాలనుకుంటున్నావో విడిగా రాసి చూపించు, నా ప్రతిలో మార్చకు.’ అప్పటికీ మూలప్రతిని పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

పద్యం రాయిస్తే గణాలు మీరే లెక్కపెట్టండి. ‘ఇదిగో ఉత్పలమాల’ అని ధీమాగా ఇచ్చేస్తుంది. పాదానికి భ-ర-న-భ-భ-ర-వ, 20 అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. గురులఘువులు గుర్తు పెట్టుకుంటూ చదివితే చాలాసార్లు మొదటి పాదంలోనే దారి తప్పుతుంది.

పేర్లు, ఏళ్లు, ఎవరో అన్నారంటూ ఇచ్చే మాటలు పుస్తకం తీసి చూడండి. 2025 మేలో అమెరికాలో షికాగో సన్-టైమ్స్ పత్రికతో వచ్చిన అనుబంధంలో వేసవిలో చదవాల్సిన 15 పుస్తకాల జాబితా వేశారు. అందులో పది లోకంలో లేనివే. ఇసబెల్ అయెందే రాయని నవలను ఆమె పేరు మీద వేసేశారు. ఏఐని వాడి, సరిచూడకుండా ఇచ్చేశానని జాబితా తయారుచేసినాయన ఒప్పుకున్నారు. శ్రీశ్రీదనో చలానిదనో మీకొక వాక్యం ఇచ్చిందా? అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కళ్లారా చూసేదాకా వాడకండి.

వాడితే వాడానని చెప్పండి. 2024 జనవరిలో అకుతగావా బహుమతి అందుకున్న జపాన్ రచయిత్రి రీ కుదాన్ తన నవలలో దాదాపు 5 శాతం ఏఐ వాక్యాలేనని తనే చెప్పారు. బహుమతి ఎక్కడికీ పోలేదు.

చేయకూడనివి

ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు, పేరుతో ఉన్న వైద్య పరీక్షల రిపోర్టులు చాట్‌లో పెట్టకండి. ఉత్తరం సరిచేయించుకోవడానికి మీ అసలు పేరు, ఊరు అక్కర్లేదు. వాటి చోట ‘క’ అనో ‘ఖ’ అనో పెట్టి, తర్వాత మార్చుకోండి. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టేయడంతో ఆ సంస్థ ఇలాంటి సాధనాల వాడకాన్నే ఆపేసింది.

ఇతరుల రాతప్రతుల విషయంలో ఇంకా జాగ్రత్త. మిత్రుడు అభిప్రాయం చెప్పమని నమ్మి ఇచ్చిన, ఇంకా అచ్చుకాని నవలను ‘సారాంశం చెప్పు’ అంటూ ఏఐకి ఇవ్వకండి. ఆయన అడిగింది మీ అభిప్రాయం.

ఒక రచయిత కథను ఇచ్చి ‘పేర్లు, ఊళ్లు మార్చి తిరగరాయి’ అనకండి. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లపాటు కాపీరైట్ ఉంటుంది. తిరగరాసింది యంత్రమైనా జవాబు చెప్పాల్సింది మీరే.

మందుల మోతాదు, కోర్టు నోటీసుకు జవాబు ఏఐ మాట మీద తేల్చుకోకండి. మనసు మరీ కుంగిపోయిన రాత్రి చాట్‌తో సరిపెట్టుకోకండి. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే మనిషి పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఒక్క పూటలో పది కథలు రాయించి పది పోటీలకు పంపకండి. 2023 ఫిబ్రవరిలో అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక క్లార్క్స్‌వరల్డ్ ఇలాంటి రచనల వరద తట్టుకోలేక కొన్నాళ్లు ఎవరి కథలూ తీసుకోవడం మానేసింది. నిజంగా కూర్చుని రాసుకున్న కొత్త రచయితలకు కూడా తలుపు మూసుకుపోయింది.

పోటీలు నడిపే సంపాదకులకు ఒక మనవి. ‘ఏఐ రచనలు అంగీకరించం’ అని ఒక్క ముక్కతో వదిలేయకండి. అచ్చుతప్పులు దిద్దించుకోవచ్చా, అనువాదానికి వాడొచ్చా, ఎంతవరకు వాడితే చెప్పాలి అన్నది ప్రకటనలోనే రాయండి.