జలచక్రము – శిశుబోధ

వాన యెక్కడినుండి వచ్చునని అయిదేండ్ల శిశు వడిగినప్పుడు మన యిండ్లలో సాధారణముగా మూడు ప్రత్యుత్తరములు లభించును. దేవుడు కురిపించునని యవ్వ చెప్పును. మబ్బులలో బిందెలు గలవని మేనమామ హాస్యమాడును. పెద్దవాడవైన పిమ్మట తెలియును, పొమ్మని తండ్రి కసరును. వీనిలో మొదటిది అసత్యము గాదు, అసంపూర్ణము. రెండవది నిరపాయమైన వేడుక. మూడవదియే మాకు మిక్కిలి భయము గొలుపుచున్నది. అడుగుట తప్పని యొకసారి నేర్చిన శిశువు, పెరిగి పెద్దవాడైన తరువాత ఎవ్వరేమి చెప్పినను ప్రశ్నింపక నమ్మును.

ఇందునకు నిదర్శనము మన యోరుగల్లు ప్రాంతముననే కలదు. మృగశిర కార్తె గడచియు వానలు రాని యేట, కొన్ని గ్రామములలో బాలురు కప్పను బట్టి, వేపమండలతో రోకలికి గట్టి, యింటింటికిని త్రిప్పుదురు. గృహిణులు దానిపై నీళ్లు గుమ్మరించి బియ్యమో పైసలో యిత్తురు. పెద్దల దుఃఖమును మేము పరిహసింపము. విత్తనము మట్టిలో మాడిపోవుచుండగా రైతు దేనినైనను ఆశ్రయించును. కాని రోకలి మోయువారు బాలురని మరువరాదు. గాలిలో తేమ హెచ్చి వాన పడునప్పుడు కప్పలు కూయును. కావున కప్ప వానను దెచ్చునని లోకము తలచినది. రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని వాదించినచో న్యాయస్థానమున నే న్యాయాధిపతియు నంగీకరింపడు. శిశువు మనస్సున మాత్రము ఆ వాదమే ప్రథమ పాఠమగుచున్నది!

అట్లయిన నీ పాఠమెట్లు చెప్పవలెను? పుస్తకముతో నారంభింపరాదు. ఒక నల్లని పళ్లెములో ఉప్పునీరు పోసి యెండలో నుంచి, సాయంకాలమున శిశువునకు చూపుడు. నీరు లేదు, ఉప్పు మిగిలినది. నీరేమైనదని వానినే యడుగుడు. పక్షులు త్రాగినవనును, ఇంకిపోయినదనును. వాని నాపక, మరునాడు పళ్లెముపై వల గప్పి మరల నుంచుడు. వాని యూహలను వాడే యొక్కొక్కటిగా త్రోసివేసికొనవలెను. సముద్రము ఉప్పనిదైనను వాననీరు చప్పగా నుండుటకు కారణము కూడ ఈ పళ్లెముననే కలదు: సూర్యుడు నీటిని కొనిపోయి ఉప్పును విడిచిపెట్టుచున్నాడు.

రెండవ పరీక్షలో మేమొకసారి తడబడితిమి. మంచుగడ్డలు వేసిన లోటా వెలుపల చెమర్చుట జూపి, గాలిలో కంటికి కనబడని యావిరి చల్లబడి నీరైనదని చెప్పితిమి. ఆరేండ్ల బాలిక యొకతె, లోటా కారుచున్నదని తేల్చివైచినది. మాకు వెంటనే సమాధానము తోపలేదు. మరునాడు లోపలి నీటిలో పసుపు కలిపితిమి. వెలుపలి చుక్కలు నిర్మలముగనే యుండెను. ఆ బిడ్డ వ్రేలితో నద్ది చూచి, తన మాట తానే వెనుకకు దీసికొనినది. అది మా బోధవలన గాదు, పసుపువలన జరిగినది.

ఇక్కడ నుపాధ్యాయులు తరచు చేయు పొరపాటొకటి కలదు. మేఘమనగా ఆవిరియని చెప్పుదురు. ఆవిరి కంటికి కనబడదు. అది పైకి బోయి చల్లబడి, గాలిలోని సూక్ష్మమైన ధూళిరేణువుల నాశ్రయించి చిన్ని చిన్ని నీటిబిందువులైనప్పుడు మనకు మేఘమై తోచును. మిక్కిలి యెత్తున మంచుకణములుగను ఉండును. ఆ బిందువులు ఒండొంటితో గలిసి బరువైనప్పుడు వానయై రాలును. చెట్లు వేళ్లతో బీల్చిన నీటిని ఆకులనుండి ఆవిరిగా విడుచునని కూడ చెప్పవలెను. ఆకులుగల కొమ్మకు పలుచని సంచి గట్టి యెండలో నొకపూట యుంచినచో లోపల చెమ్మ కనబడును.

మూడవ మెట్టు చెరువుగట్టుపై నెక్కవలెను. ఇందు మన జిల్లా బాలురకు గల భాగ్యము అన్నిచోట్ల లేదు. కాకతి గణపతిదేవుని కాలమున పాకాల చెరువును, రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున గట్టించిన రామప్ప దేవాలయము చెంత రామప్ప చెరువును వెలసినవి. పాకాల నీరు మున్నేటి వెంట కృష్ణలో గలియును. రామప్ప నీరు గోదావరిని జేరును. ఒకే మబ్బు కురిసిన వాన రెండు పాయలై, రెండు మహానదులవెంట బోయి, తుదకు ఒకే బంగాళాఖాతమును జేరుచున్నది. చెరువు నేల త్రవ్విన గుంట గాదు, నడచిపోవు నీటిని కొన్ని నెలలు నిలిపిన మజిలీయని బాలు డప్పుడు గ్రహించును.

వానను కొలుచుట కూడ నేర్పవలెను. చదునైన అడుగుగల డబ్బాయు, కొలబద్దయు చాలును. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది యొక లీటరు నీరని చెప్పిన, బాలుడు తన పెరటిపై నెన్ని బిందెలు పడినవో తానే లెక్కించుకొనును. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్లు కురిసినది. అనగా ప్రతి చదరపు మీటరుపైని సుమారు 650 లీటర్లు! ఇట్టి కొలత పాశ్చాత్యుల విద్యయని యెవ్వరైన ననుకొందురేమో. కౌటిల్యుని అర్థశాస్త్రమున వర్షమును గొలుచు పాత్ర చెప్పబడినది. వరాహమిహిరుని బృహత్సంహితలోను వర్షపరిమాణ ప్రస్తావన కలదు. ఫ్రాన్సు దేశమున పెరో యనునాతడు 1674లో సీను నది పైభాగమున గురిసిన వానను, ఆ నదిలో బారిన నీటిని లెక్కగట్టి, వాన యారు రెట్లున్నదని కనుగొనెను. అంతకుముందు నదులకు వాన చాలదనియు, భూగర్భమున రహస్యమార్గములు గలవనియు పండితులే నమ్మియుండిరి.

అంతయు సూర్యుడును గాలియు జేయుచుండగా దేవుడేమి చేయునని యవ్వ లడుగుదురు. ఈ ప్రశ్న మన సమాజమునకు క్రొత్త గాదు. తత్త్వబోధినీ పత్రికకు సంపాదకుడైన అక్షయకుమార దత్తుడు, పాటుపడిన పంట వచ్చును, పాటుపడి ప్రార్థించినను అంతే పంట వచ్చును, కావున ప్రార్థన విలువ సున్నయని లెక్కగట్టి చూపెనని ప్రసిద్ధి. దేవేంద్రనాథ ఠాకూరుగారి హృదయ మట్టి లెక్కతో సమాధానపడునది గాదు. మా యభిప్రాయమున వారిరువురిలో నెవ్వరును త్రోసివేయదగినవారు గారు. వానకొరకు బేరమాడు ప్రార్థన దత్తుని లెక్కలో సున్నయే. ఏ నియమమువలన పళ్లెమందలి నీరును సముద్రపు నీరును ఒకే రీతిగా లేచుచున్నవో, ఆ నియమమును దలచి తలవంచుట బేరము గాదు. అవ్వ చెప్పిన మాట యిప్పుడు పూర్తియైనది.

మే మీ పాఠమును శిశువులకే, అదియు శీఘ్రముగా చెప్పవలెనని తొందరపడుటకు మరియొక కారణము కలదు. ఏడెనిమిదేండ్లు నిండకమునుపే మన బిడ్డ ఎవరి బిందె యెవరి బిందెకు తగులరాదో చూచి నేర్చుకొనుచున్నది. 1927 మార్చి 20వ తేదీన మహాడులో అంబేద్కరుగారును వారి సహచరులును చవదారు చెరువు నీరు త్రాగగా, ఛాందసులు పిమ్మట పంచగవ్యములతో ఆ చెరువును శుద్ధి చేసిరి. ఆ చెరువునీటిని సూర్యుడు ప్రతిదినమును ఎత్తి యాకాశమునకు గొనిపోవుచునే యుండెను! ఎవ్వరు ముట్టిన నీరు ఎవ్వరి చేనిపై గురిసెనో యెవడు చెప్పగలడు? 1950 జనవరి 26 నుండి అమలులోనున్న రాజ్యాంగమున 15వ అధికరణము, ప్రభుత్వ ధనముతో నడచు లేక ప్రజల కర్పింపబడిన బావులు, చెరువులు, స్నానఘట్టముల వాడుకలో కులభేదమును నిషేధించినది. శాసనము బావిగట్టువరకే రాగలదు. ఇంటిలోని నీళ్లకుండ యొద్దకు తల్లిదండ్రులే పోవలెను.

ఇట్లు చెప్పగానే తెలివిగల శిశువు, అట్లయిన మురికికాలువ నీరు కూడ త్రాగవచ్చునా యని యడుగును. అడుగనిండు. మైల వేరు, మలినము వేరు. నీటిని జెరచునవి రోగక్రిములు, ఫ్లోరైడు, కర్మాగారముల వ్యర్థములు. మనుష్యుని పుట్టుక గాదు. క్రిములను చంపుటకు నీరు బాగుగ మరగవలెను. ఫ్లోరైడు మరగించిన పోదు, ఆవిరి పోయినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చునేగాని తగ్గదు. ఇదియేలయని వాడు మరల నడిగినచో, ఉప్పు మిగిలిన నల్లపళ్లెమును దెచ్చి వాని ముందుంచుడు.