మెట్ట సేద్యపు పనిముట్ల తయారీలో సి.ఎన్.సి. ప్లాస్మా కోత: టార్చి ఎత్తు స్వయం నియంత్రణ సర్దుబాటు

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమైన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో మెట్ట సేద్యం ఎక్కువ. జిల్లాకు కురిసే వానలో పెద్ద భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన లభిస్తుంది. కావున కల్టివేటర్లు, గొర్రులు, గుంటకల మరమ్మత్తులు ఆ వానలకు ముందు కొద్ది వారాలలోనే వచ్చిపడతాయి. ఆ రోజులలో క్లాంపు రంధ్రం ఏటవాలుగా తెగి బోల్టు సరిగా కూర్చోకపోతే, నేలలో పదను ఉండగానే రైతుకు అదను తప్పుతుంది. ఇటువంటి చోట్ల పనిముట్ల తయారీకి సి.ఎన్.సి. ప్లాస్మా యంత్రం పెట్టదలచిన వారికి సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలకు, వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు ఎత్తు నియంత్రణ విధానం తెలిసి ఉండవలెను.

మొదట గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ నియంత్రణ సాధనం ఎత్తును కొలవదు, ఆర్కు వోల్టేజిని మాత్రమే కొలుస్తుంది. టార్చికీ ప్లేటుకూ మధ్య దూరం పెరిగితే ఆర్కు పొడవై వోల్టేజి పెరుగుతుంది, అపుడు సాధనం టార్చిని దించుతుంది. వోల్టేజి తగ్గితే పైకి లేపుతుంది. చెక్క చెంచాలకు పేరొందిన ఉదయగిరి పనివాని చేతికి ఉలి ఎంత లోతు దిగినదో తెలుస్తుంది. ఈ యంత్రానికి వోల్టులు తప్ప మరేమీ తెలియవు. ఎత్తు మారకుండా వోల్టేజి మాత్రమే మారిన ప్రతి సందర్భంలోను అది పొరబడుతుంది. సర్దుబాటులో కష్టమంతా ఇక్కడనే ఉన్నది.

పనిని ఎత్తు నియంత్రణ ఆపివేసి ప్రారంభించవలెను. టార్చి ప్లేటును తాకి ఎత్తు గుర్తించే విధానంలో స్విచ్చి నొక్కుకొనేలోగా టార్చి కొంత దిగుతుంది, పలుచని రేకు కూడ కొంత వంగుతుంది. ఈ తేడాను ఫీలరు గేజితో కొలిచి యంత్రంలో నమోదు చేయవలెను. పిమ్మట తయారీదారు పట్టికలోని ఎత్తు, వేగాలతో చదునైన ప్లేటుపై నిడుపాటి గీత కోయవలెను. 45 ఆంపియర్ల టార్చిలు కొన్నింటికి కోత ఎత్తు 1.5 మి.మీ., రంధ్రం పొడిచే ఎత్తు 3.8 మి.మీ. గా ఇస్తారు. కోత అంచు నిలువుగా వచ్చి, అడుగున చిట్టెం స్వల్పంగా ఉంటే, ఆ కోత నడుమ కనబడిన వోల్టేజియే మన నిర్దేశిత వోల్టేజి. పట్టికలోని వోల్టేజిని అట్లే వాడుట సరికాదు. గాలి పీడనం, కేబుళ్లు, సంకేతాన్ని 1:50 వంటి నిష్పత్తిలో తగ్గించే విభాజకం యంత్రానికొక తీరుగా ఉంటాయి. విద్యార్థులు 1.0, 1.5, 2.0 మి.మీ. ఎత్తులలో మూడు గీతలు కోసి వోల్టేజిలను నమోదు చేసుకొంటే, ఒక మి.మీ.కు ఎన్ని వోల్టులు మారునో తమ యంత్రం విషయంలో తెలుస్తుంది.

తరువాత నియంత్రణను ప్రారంభించి, ప్లేటు ఒక అంచు కింద సుమారు 10 మి.మీ. దిమ్మ పెట్టి వాలుపై కోయవలెను. టార్చి వెనుకబడితే స్పందన చాలలేదని, కోత అంచు అలలుగా వస్తే స్పందన మితిమీరినదని అర్థం. అలలు కనబడిన స్థానం నుండి స్పందనను కొంత తగ్గించి నిలుపుట మేలు.

స్పందన కుదిరినా, నియంత్రణను ఎక్కడ ఆపవలెనో చెప్పకపోతే నాజిల్ దక్కదు. మూల తిరిగేటపుడు వేగం తగ్గి కోత చీలిక వెడల్పై వోల్టేజి పెరుగుతుంది. సాధనం దానిని ఎత్తు పెరిగినట్లు భావించి టార్చిని ప్లేటులోనికి దించుతుంది. మునుపటి కోతను దాటేటపుడు, ప్లేటు అంచు దాటేటపుడు కూడ ఇదే జరుగుతుంది. కావున నడక వేగం నిర్దేశిత వేగంలో 90 శాతం కన్న తగ్గినపుడు ఎత్తు సవరణ ఆగునట్లు అమర్చవలెను. రంధ్రం పొడిచిన వెంటనే సవరణ మొదలుకాకుండ, ఆర్కు నిలకడ చెందువరకు కొంత వ్యవధి ఇవ్వవలెను. బోల్టు రంధ్రాలకు నియంత్రణను పూర్తిగా ఆపి, వేగాన్ని సుమారు 60 శాతానికి తగ్గించుట మంచిది. ప్లేటు మందం కన్న చిన్న రంధ్రాలను ప్లాస్మాతో కోయక డ్రిల్లింగుకు వదలుట మేలని నా అభిప్రాయం.

క్షేత్రస్థాయిలో ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఎలక్ట్రోడు అరుగుదల. వాడకంతో దాని కొనలోని హాఫ్నియం గుంటబడి ఆర్కు లోపలి వైపుకు పొడవవుతుంది. టార్చి ఎత్తు అదే ఉన్నా వోల్టేజి పెరుగుతుంది, టార్చి క్రమంగా కిందికి జరుగుతుంది. ఉదయం చక్కగా తెగిన క్లాంపు సాయంత్రానికి అడుగున చిట్టెం కడితే, పనివారు స్పందన అంకెలను మార్చ ప్రయత్నిస్తారు. ముందు చూడవలసినది ఎలక్ట్రోడు గుంట. అది తయారీదారు పరిమితిని, కొన్ని టార్చిలలో 1.6 మి.మీ., దాటితే మార్చివేయవలెను. దాటకపోతే, నియంత్రణ ఆపి ఒక గీత కోసి, సరియైన ఎత్తులో వచ్చిన కొత్త వోల్టేజిని నిర్దేశించవలెను.

ఈశాన్య వానల కాలంలో కంప్రెసరు గాలిలో తేమ అధికమై ఎలక్ట్రోడు, నాజిల్ త్వరగా చెడుతాయి. వడపోత పాత్రలోని నీటిని ప్రతిదినం పని ఆరంభానికి ముందే తీసివేయవలెను, ఆరబెట్టు సాధనం ఉంటే ఇంకను మంచిది. గ్రామీణ ఫీడరులో సరఫరా వోల్టేజి పడిపోయినపుడు కంప్రెసరు మందగించి గాలి పీడనం తగ్గుతుంది, దానితో ఆర్కు వోల్టేజి మారుతుంది. అందుచేత పీడన మాపకాన్ని కోత జరుగుచుండగానే చదువవలెను. ఖాళీగా ఉన్నపుడు చదివిన అంకె ఇందుకు పనికిరాదు. ఎర్త్ క్లాంపును బల్లకు తగిలించక కోసే ప్లేటుకే తగిలించవలెను. తుప్పు, రంగు ఉన్నచోట తగిలిస్తే వోల్టేజి సంకేతం నిలకడగా ఉండదు.