కడుపులో ఉండవలసినది గొంతులోకి వస్తే



గృహ సందర్శనకు వెళ్లినప్పుడు ఇంచుమించు ప్రతి ఇంటిలోనూ వినబడే మాట ఒకటుంది: "ఫాదర్‌గారూ, తిన్నదంతా పైకి తన్నుతోంది, గుండెల్లో ఒకటే మంట." ఆ వెంటనే తలగడ కింది నుండి ఒక బిళ్ల బయటికి వస్తుంది. ఎవరు రాసిచ్చారని అడిగితే "మందుల షాపులో ఇచ్చారండి" అంటారు. ఎన్నాళ్లుగా అంటే "నాలుగైదేళ్లుగా" అంటారు. ఈ మంట ఎక్కడిదో ఈ వారం తెలుసుకుందాం.

కారణం లేనిదే కార్యం లేదని తత్త్వశాస్త్రంలో మొదట నేర్చుకుంటాము. మన జీర్ణకోశంలో ఊరే రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. 1820లలో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్ దీనిని గుర్తించాడు. ఈ ఆమ్లం మనకు శత్రువు కాదు. ఆహారాన్ని జీర్ణం చేయడానికి తోడ్పడుతుంది, దానితో వచ్చిన క్రిములను చంపుతుంది. జీర్ణకోశం లోపలి గోడకు జిగురు పొర ఉంది కనుక అక్కడ అది హాని చేయదు. కాని గొంతు నుండి కడుపు వరకు దిగే ఆహారనాళానికి అలాంటి రక్షణ లేదు. ఈ నాళం సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని అడుగున ఉంగరం వంటి కండరం ఒకటి తలుపులా పనిచేస్తుంది. మింగినప్పుడు తెరుచుకుని, వెంటనే మూసుకుంటుంది. ఆ తలుపు వదులైనా, వేళగాని వేళ తెరుచుకున్నా ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అదే మంట, అదే పులిత్రేన్పు. కొందరికి పొడిదగ్గు, గొంతు బొంగురుపోవడం కూడా దీనివల్లనే. ఎప్పుడో ఒకసారి అందరికీ వచ్చేదే. తరచుగా బాధపెడితే అది వ్యాధి.

తలుపును వదులు చేసేవి ఏమిటి? పొగాకు, మద్యం, నూనెలో వేగిన పదార్థాలు. కడుపు బిర్రుగా తినడం, పొట్ట పెరగడం, బిగుతైన బట్టలు లోపలి ఒత్తిడిని పెంచుతాయి. పగలంతా ఉపవాసముండి రాత్రి ఒక్కసారిగా తిని పడుకునే వారికీ ఈ బాధ తప్పదు.

ఇంటిలో చేయదగినవి:

1. రాత్రి భోజనానికి, పడకకు మధ్య మూడు గంటల వ్యవధి ఉంచండి.
2. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుండి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. తలగడలు పెంచితే చాలదు, నడుము వంగి కడుపుపై ఒత్తిడి పడుతుంది.
3. ఎడమ వైపు తిరిగి పడుకోండి.
4. బరువు తగ్గించుకోండి. పొగాకు, సారా మానండి.

ఇక బిళ్లల సంగతి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి మంచి మందులే. కాని అవి ఆమ్లాన్ని తగ్గిస్తాయే గాని తలుపును బాగుచేయవు. సాధారణంగా భోజనానికి అరగంట ముందు, డాక్టరు చెప్పినన్నాళ్లే వాడాలి. ఒకప్పుడు ఇంటింటా ఉన్న రానిటిడిన్‌ను 2022లో మన దేశపు అత్యవసర ఔషధాల జాబితా నుండి తొలగించారు. పాత అలవాటుతో మందు కొనరాదు. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తం కక్కినా, మలం నల్లగా వచ్చినా ఆలస్యం చేయక వైద్యుని చూడాలి.

చివరిగా ఒక బాధాకరమైన విషయం. మా విచారణలో ఒక పెద్దాయనకు ఒక రాత్రి ఛాతీ పట్టేసింది, చెమటలు పోశాయి. "గ్యాసేలే" అని ఇంటివారు సోడా తాగించి పడుకోబెట్టారు. తెల్లవారుజామున నన్ను పిలిచేసరికి ఆయన లేరు. అది గుండెపోటు. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గ్యాసా, గుండెా అని ఇంటిలో తీర్పు చెప్పకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. తీరా గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు. అలా నవ్వుకుంటూ వచ్చినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.