క్రిస్మస్ వారములో మన వంటిల్లు

గృహ పాఠము
చదువవలసిన భాగములు: నిర్గమకాండము 16:20–24, లూకా 10:38–42, యోహాను 21:9–13



ఈ పాఠము డిసెంబరులో కాక నవంబరులోనే చదువుకొనవలసినది. పండుగ వారపు వంట గురించి పండుగ వారములో ఆలోచిస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. ఇది మా ఇంటిలో జరిగిన సంగతిని బట్టి చెప్పుచున్నాము.

కొన్నేండ్ల క్రిందట 25వ తేదీ ఉదయము పిల్లలు క్రొత్త బట్టలు వేసుకొని గుమ్మములో నిలబడ్డారు. మందిరములో మొదటి గంట కొట్టారు. మా ఇంటి తల్లి ఇంకా పొయ్యి ముందే ఉన్నది. "అమ్మా, నువ్వు రావా?" అని చిన్నది అడిగింది. "మీరు నడువుండ్రి, ఈ వాయ దించి నేనొస్తున్న" అన్నది. ఆ వాయ తరువాత ఇంకొక వాయ. తరువాత కోడి కూర. మంచిర్యాల నుండి వచ్చే చుట్టాలకు అన్నము. ఆమె మందిరము చేరేసరికి పాస్టరుగారు ఆశీర్వాదము పలికి అందరినీ పంపుచున్నారు. ఏడాదంతా ఎదురు చూచిన ఆరాధన ఆమెకు దక్కలేదు. మధ్యాహ్నము అందరము కూర్చుండి గారెలు బాగున్నవని మెచ్చుకొన్నాము. మరొక మాట ఎవరమూ అడగలేదు. తరువాతి వారము స్త్రీల కూటములో ఈ మాట వచ్చినప్పుడు, ఒక్కొక్కరే "మా ఇంట్ల గూడ అంతే" అన్నారు.

నిర్గమకాండము 16వ అధ్యాయములో మన్నా సంగతి మనకు తెలిసినదే. ఆరవ దినమున జనులు రెండంతలు కూర్చుకొన్నారు. మరునాడు విశ్రాంతి దినము గనుక కాల్చుకొనవలసినది కాల్చుకొనుమని, వండుకొనవలసినది వండుకొనుమని మోషే ముందే చెప్పాడు. ఈ భాగమును విశ్రాంతి దినమును గూర్చిన ప్రసంగములలోనే వింటాము. కాని ఇది వంటింటి ఏర్పాటు కూడా. పండుగ దినమున పొయ్యి పని తగ్గవలెనంటే ముందు దినమున ఎక్కువ పని చేయవలెను. ముందు దినమున ఏది చేయవచ్చునో, ఏది చేయకూడదో తెలిసి చేయవలెను.

మార్త సంగతి కూడా ప్రతి యేడు వింటాము. ఒక మాట ధైర్యముగా చెప్పుచున్నాము. మార్తను గద్దించే ప్రసంగము చేసినవారే ఆ మధ్యాహ్నము మొదటి పంక్తిలో కూర్చుంటారు. యోహాను 12:2లో మార్త మరల వడ్డించుచునే కనబడుతుంది. అంటే ఆమె వంట మానలేదు. ప్రభువు వంటను తప్పు పట్టలేదు, ఆమె తొందరను చూచి మాటలాడాడు. ఇంకొక సంగతి. యోహాను 21లో తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలను, రొట్టెను సిద్ధము చేసి శిష్యులను భోజనమునకు పిలిచినవాడు ప్రభువే. పురుషులు పొయ్యి దగ్గరకు వచ్చుట తక్కువ పని అనుకొనేవారు ఈ భాగమును మరొకసారి చదువవలెను. సకినాలు చుట్టుట చేతగాకపోవచ్చు గాని, కొబ్బరి తురుముట, గిర్నికి పోయి పిండి పట్టించుకొని వచ్చుట, వెల్లుల్లి ఒలుచుట చేతగాని మగవాడు లేడు.

ఇక మన ప్రాంతము సంగతి. 1982లో చంద్రాపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. సిరొంచలో ఉన్న మనకు జిల్లా కేంద్రము సుమారు 200 కిలోమీటర్లు. గోదావరి అవతల కాళేశ్వరము కంటికి కనబడుతూనే ఉంటుంది. ప్రాణహిత దాటితే చెన్నూరు, మంచిర్యాల దారి. బంధువులలో సగము మంది ఆ ఒడ్డునే ఉన్నారు. పడవల కాలములో చుట్టాలు ఎప్పుడు వచ్చేది తెలిసేది. చీకటి పడక ముందే నది దాటవలెను గనుక సాయంత్రానికల్లా ఎందరికి అన్నము పెట్టవలెనో లెక్క తేలేది. వంతెనలు వచ్చిన తరువాత రాత్రి 10 గంటలకు కూడా తలుపు తడుతారు. సంతోషమే గాని, వంటిల్లు ఆ లెక్క మార్చుకొనలేదు. హాస్టళ్ళ నుండి పిల్లలు, చంద్రాపూర్, బల్లార్‌పూర్ వైపు పనిచేసేవారు కూడా ఆ వారములోనే ఇల్లు చేరుతారు. పత్తి ఏరే పని, వడ్ల పని అప్పటికి పూర్తి కాకపోవచ్చు. రాత్రులు క్యారల్స్. ఇన్నిటి మధ్య ఒక్క మనిషి ఒక్క పొయ్యి మీద అన్ని వంటలు మూడు దినములలో చేయుట సాధ్యము కాదు.

మేము నేర్చుకొన్న పద్ధతి ఇది: ఏ వంట ఎన్ని దినములు నిలుస్తుందో దానిని బట్టి చేయవలెను. ఎక్కువ కాలము నిలిచేది ముందు, నిలువనిది చివర.

సకినాలకు, అరిసెలకు రెండింటికీ తడి బియ్యపు పిండే కావలెను. అయినా చాలా ఇండ్లలో రెండుసార్లు నానబోసి రెండుసార్లు గిర్నికి పోతారు. ఒకేసారి నానబోయండి. మా ఆరుగురి ఇంటికి, ఇరుగుపొరుగుకు పంచుటకు కలిపి సకినాలకు 2 కిలోలు, అరిసెలకు కిలో బియ్యము సరిపోయినవి. 17వ తేదీ రాత్రి నానబోసి, 18న ఉదయము నీళ్ళు వంచి గుడ్డ మీద ఆరబెట్టి, తేమ ఉండగానే పట్టించవలెను. తడి బియ్యము పట్టే గిర్ని ఏ పూట నడుస్తుందో ముందే అడిగి పెట్టుకొనండి. పండుగ దగ్గర పడితే అక్కడ గిన్నెలు వరుస కడతాయి.

ఆ మధ్యాహ్నమే నలుగురు స్త్రీలు ఒక ఇంట చేరి సకినాలు చుట్టవలెను. పిండిలో నువ్వులు, వాము, ఉప్పు, తగినన్ని నీళ్ళు. గుడ్డ మీద చుట్టి, తేమ కొంత లాగిన తరువాత మెల్లగా తీసి నూనెలో వేయవలెను. ఈ రోజు ఒక ఇంటివి, రేపు ఇంకొక ఇంటివి. సకినాలు ఒక్కరు చేసే వంట కానే కాదు. మంచి నూనెలో సకినాలు ముందు కాల్చి, అదే నూనెలో అరిసెలు తరువాత వేయండి. బెల్లము తగిలిన నూనె నల్లబడుతుంది గనుక వరుస తిరగవేయకూడదు.

అరిసెల పాకము దగ్గర ఎందరో భయపడుతారు. కిలో బియ్యానికి ముప్పావు కిలో దాపున బెల్లము. పాకము చుక్క చల్లని నీళ్ళలో వేస్తే వ్రేళ్ళ మధ్య మెత్తని ఉండ కావలెను. ఉండ గట్టిపడితే అరిసె రాయివలె వస్తుంది. పాకము లేతదైతే నూనెలో విడిపోతుంది. మా ప్రక్కింటి మరాఠీ మావశి దీపావళికి అనార్సే చేస్తుంది. మన అరిసెకు దగ్గరి చుట్టమే. అయితే ఆమె బియ్యమును మూడు దినములు, ప్రతి దినము నీళ్ళు మార్చుతూ నానబెట్టి, నీడలో ఆరబెట్టి, పిండి చేసి బెల్లముతో కలిపి ముద్ద చేసి పెడుతుంది. పాకము లేదు. ఆ ముద్ద వారాల తరబడి నిలుస్తుంది. కావలసినప్పుడు కొన్ని తీసి, గసగసాల మీద ఒత్తి కాల్చుతుంది. డిసెంబరు మొదట ఒక పూట తీరిక దొరికేవారు ఈ పద్ధతి పట్టుకొనవచ్చును. చుట్టాలు వచ్చిన రాత్రి పది అనార్సేలు కాల్చుట పావుగంట పని.

గులాబీ పువ్వులు, గరిజెలు 20, 21 తేదీలలో. పువ్వుల అచ్చు ప్రతి ఇంటికీ అక్కరలేదు. ఒక్కటి నాలుగు ఇండ్లు తిరిగినా చాలును.

కేకు 22న. ఓవెన్ లేదని విచారించవద్దు. ప్రెషర్ కుక్కరులో అంగుళము మందము పొడి ఇసుక గాని ఉప్పు గాని పోసి, పైన చిన్న స్టాండు పెట్టండి. మూతకు ఉండే రబ్బరు, విజిల్ రెండూ తీసివేయవలెను. ఇది మరువకండి. పది నిమిషములు వేడి చేసి, తరువాత గిన్నె లోపల దించి సన్నని మంట మీద 45 నిమిషముల నుండి గంట వరకు ఉంచండి. మధ్యలో మూత తీస్తే కేకు కూలుతుంది. మా కొలత: మైదా పావు కిలో, చక్కెర పొడి పావు కిలో, వెన్న 200 గ్రాములు, గుడ్లు 4, బేకింగ్ పౌడరు 2 చిన్న చెంచాలు, కొద్దిగా పాలు. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకూడదు. పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాలో పెట్టండి. ఈ చలిలో నాలుగు దినములు బాగుంటుంది. కట్టెల పొయ్యివారు దళసరి గిన్నెలో ఇసుక పోసి, మూత మీద కొన్ని నిప్పులు వేసి చేసినా వస్తుంది. మా పెద్దలు అట్లే చేసేవారు.

నాన్‌ఖటాయి పిండి భట్టీకి పంపేవారు 20వ తేదీ దాటనీయవద్దు. ఒక యేడు మేము 23న పంపితే మరునాడు సాయంత్రము డబ్బా వచ్చింది. మూత తీస్తే అవి మావి కావు. మావి ఎవరు తిన్నారో ఈనాటికీ తెలియదు. డబ్బాకు పేరు కాగితము అంటించండి.

24న నూనె మూకుడు పొయ్యి ఎక్కకూడదు. ఇది మా ఇంటి నియమము. ఆ పగలు అల్లము వెల్లుల్లి ముద్ద, మసాలా పొడి, వేయించిన ఉల్లిపాయలు సిద్ధము చేసి, సాయంత్రము పప్పు, అన్నము, పచ్చడితో తొందరగా భోజనము ముగించండి.

25 ఉదయము అటుకులు. ఇక్కడివారు పోహే అని చేసేది పది నిమిషముల పని. దానితో కేకు ముక్క, చాయ్. గారెలు వద్దు. గారె చేసిన గంటలోనే తినవలసినది. దానిని ఆరాధన వేళకు తెచ్చి పెట్టుటయే మన పొరపాటు. సాయంత్రము తీరికగా వేసుకొనండి. ఇడ్లీ కావలెననేవారు చలికి పిండి ఆలస్యముగా పులుస్తుందని గుర్తుంచుకొని 24 మధ్యాహ్నమే రుబ్బి వెచ్చని చోట పెట్టవలెను. సంఘములో ప్రేమవిందు ఉంటే ఇంట మధ్యాహ్నపు వంటే అక్కరలేదు. లేకపోతే ఆరాధన నుండి వచ్చిన తరువాత బగారన్నము, కోడి కూర మొదలు పెట్టండి. మసాలాలు సిద్ధముగా ఉంటే గంటన్నర పడుతుంది. చుట్టాలు అంతవరకు సకినాలు తింటారు. ఎవరూ అలుగరు. అలిగితే ఉల్లిపాయలు కోయుమనండి.

మిగిలిన భోజనము విషయములో జాగ్రత్త. వండిన పదార్థమును బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బగారన్నము పెద్ద గిన్నెలో మూత పెట్టి రాత్రంతా ఉంచుట మంచిది కాదు. అన్నములో పెరిగే ఒక సూక్ష్మజీవి విడిచే విషము మరల వేడి చేసినా పోదు. చద్దన్నము పెద్దలు తినలేదా అంటారు. వారు తిన్నది తెల్ల అన్నము, రాత్రే నీళ్ళో మజ్జిగో పోసినది. మాంసము, మసాలా కలిసినది కాదు. ఫ్రిజ్ ఉన్నవారు వెడల్పాటి పళ్ళెములో త్వరగా చల్లార్చి లోపల పెట్టండి. లేనివారు కొలిచి వండండి, మిగిలేటట్టుంటే వేడిగా ఉండగానే ప్రక్కింటికి పంపండి. మన్నా కూడా మరునాటికి ఉంచుకొంటే పురుగు పట్టింది గదా.

ఇరుగుపొరుగు మాట వచ్చినది గనుక, దీపావళికి వారు మనకు ఫరాళ్ పళ్ళెము పంపుతారు. మనము క్రిస్మస్‌కు పంపే పళ్ళెము చివరలో మిగిలిన ముక్కలతో కాకూడదు. 23న, అన్నీ క్రొత్తగా ఉన్నప్పుడే వేరు తీసి పెట్టండి.

డబ్బు సంగతి చెప్పక తప్పదు. పత్తి పైసలు చేతికి రాకముందే దుకాణములో ఉద్దెర పెట్టి నూనె డబ్బా తెచ్చేవారు మనలో ఉన్నారు. ఎనిమిది రకములు చేయకపోతే పరువు పోదు. మూడు రకములు చాలును. నవంబరు నుండి వారానికి కొంత చొప్పున బెల్లము, నువ్వులు, మైదా కొనిపెడితే డిసెంబరులో నూనె ఒక్కటే మిగులుతుంది. నలుగురు కలిసి ఒకే నూనె డబ్బా తెచ్చి పంచుకొన్నా మేలే.

26 నుండి కడుపుకు విశ్రాంతి. జొన్న రొట్టె, ఆకుకూర, పప్పు. షుగరు ఉన్న పెద్దల ఎదుట తీపి డబ్బా ఆ వారమంతా తెరిచి పెట్టకండి. 31 రాత్రి ఆరాధనకు చాయ్, మిగిలిన గరిజెలు చాలును.

ఒక్క డబ్బా సకినాలు మాత్రము పండుగలో తీయవద్దు. మూత బిగించి ప్రక్కన పెట్టండి. నూతన సంవత్సరము దాటిన తరువాత మిరప కోతకు గోదావరి అవతలికి పోయే ఇంటివారు మన సంఘములోనే ఉన్నారు. కొందరి వెంట పిల్లలూ పోతారు. బండి ఎక్కే ఉదయము ఆ డబ్బా వారి మూటలో ఉండవలెను.