గుయ్‌మనే మోటారు

బావి మీద మోటారున్న ఇంట్లో పుట్టినవారికి ఒక శబ్దం బాగా తెలుసు. స్టార్టరు నొక్కగానే మోటారు 'గుయ్' మని మూలుగుతుంది, ఇరుసు మాత్రం కదలదు. మా నాయిన ఆ మూలుగు గట్టు మీద నుంచే విని, "ఒక ఫేజు పోయింది, బంద్ చెయ్యి బిడ్డా!" అని కేక వేసేవాడు. మూడు ఫేజులలో ఒకటి రాకపోతే లోపలి అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరగదు, ఒక్కచోటనే అటూ ఇటూ ఊగుతుంది. ఆ సంగతి ఇంటర్మీడియట్‌లో చదివాక అర్థమైంది కాని, ఆలస్యం చేస్తే వైండింగు కాలిపోతుందని మాత్రం చిన్నప్పుడే తెలుసు.

అదే శబ్దం బంజారాహిల్స్‌లో ఒక మేడ మీది గదిలో మళ్ళీ వింటానని అనుకోలేదు.

పంజాగుట్ట నుండి బంజారాహిల్స్ ఎక్కే దారిలో నా మిత్రుని మేనత్తగారి ఇల్లున్నది. ఆమె దయతో ఇచ్చిన ఆ గదిలో మేము ముగ్గురం ఒక చిన్న సి.ఎన్.సి. యంత్రం కట్టుకున్నాము. సి.ఎన్.సి. అనగా కంప్యూటరు చెప్పిన లెక్క ప్రకారం కోత పని చేసే యంత్రం. బాలానగర్‌లో 1968 నుండి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి చోట ఉండే ఇనుప ఏనుగులతో మాదానికి పోలిక లేదు. అల్యూమినియం కడ్డీలు, మూడు స్టెప్పర్ మోటార్లు, ఒక ఆర్డినో యూనో బోర్డు, దానిమీద మూడు ఎ4988 డ్రైవర్లు, ఇంతే. బోర్డులో నడిచే ప్రోగ్రాము పేరు జీఆర్‌బీఎల్. దీనిని నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మా యంత్రం చెక్క మీద అక్షరాలు చెక్కుతుంది. సైన్సు ఎగ్జిబిషన్‌లో దానిచేత పని చేయించి చూపిస్తామని లెక్చరరు గారికి మాట ఇచ్చి ఉన్నాము.

ఎగ్జిబిషన్ ఇంకా ఐదు రోజులున్నదనగా ఎక్స్ మోటారు గుయ్‌మన్నది. వణికింది, తిరగలేదు.

మేము మొదట చేసిన పనులు చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది. కరెంటు ఉండగానే మోటారు ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాము. ఆ క్షణంతో డ్రైవరు కూడా చచ్చింది. మోటారులోని చుట్టకు ఇండక్టెన్స్ ఉన్నది. పారుతున్న కరెంటును ఒక్కసారిగా తెంచితే, కరెంటు ఎంత త్వరగా పడిపోతే అంత పెద్ద వోల్టేజి దాని కొసల మధ్య పుడుతుంది. ఈ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే ముగ్గురమూ! కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి కొత్త డ్రైవరు తెచ్చి గుచ్చాము. మళ్ళీ గుయ్. ఇక మోటారే చెడిపోయిందని తీర్మానించి, కొత్తదానికి తలా ఎంత వేసుకోవాలో లెక్క మొదలుపెట్టాము. నా వాటా అంటే ఆ నెల నాయిన పంపిన మెస్సు డబ్బులే.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు మాటవరుసకు చెప్పాను. "నాయినా, మోటారు గుయ్‌మంటున్నది, తిరుగుత లేదు."

"కనెక్షన్ ఎవరన్న ముట్టిండ్రా?"

"మేమే. వైరు సాలకపోతే పొడుగుది ఏసినం."

"మరి మోటారు నేం జేసిందిరా? వైరు సూడు."

మరునాడు వరుసగా మొదలుపెట్టాము. స్టెప్పర్ మోటారుకు నాలుగు వైర్లుంటాయి, లోపల రెండు చుట్టలు. ఏ రెండు వైర్లు ఒక చుట్టవో ముందు తేల్చుకోవాలి. రంగులను నమ్మరాదు, ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రంగు వేస్తుంది. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఒకే చుట్ట కొసల మధ్య కొద్ది ఓములు చూపుతుంది, మాదానికి మూడు లోపే. వేరు వేరు చుట్టల మధ్య ఏమీ చూపదు. మీటరు లేనివారికి ఇంకొక ఉపాయమున్నది. మోటారును బోర్డు నుండి విడదీసి, ఏవైనా రెండు వైర్ల కొసలు కలిపి మెలివేసి, ఇరుసును వేళ్ళతో తిప్పండి. తేలికగా తిరిగితే అవి రెండూ వేరు చుట్టలవి. గట్టిగా, పళ్ళు పళ్ళుగా అడ్డుపడితే ఒకే చుట్టవి. తిప్పినందువల్ల పుట్టిన కరెంటు తన పుట్టుకకు కారణమైన కదలికనే అడ్డుకుంటుంది. లెంజ్ నియమం వేళ్ళకు తగలడం నాకదే మొదటిసారి. ప్రాక్టికల్ క్లాసులో ఇంత బాగా ఎన్నడూ తగలలేదు.

మా మోటారు చుట్టలు రెండూ బాగానే ఉన్నాయి.

తరువాత మార్పిడి పరీక్ష. కరెంటు పూర్తిగా తీసివేసి, బోర్డు దగ్గర ఎక్స్, వై ప్లగ్గులను ఒకదాని చోట ఒకటి పెట్టాము. ఇప్పుడు ఎక్స్ కదలమని చెబితే వై మోటారు చక్కగా తిరిగింది, అంటే ఎక్స్ డ్రైవరు మంచిదే. వై కదలమంటే ఎక్స్ మోటారు గుయ్‌మన్నది. రోగం బోర్డులో లేదు, వైరుతో పాటు వస్తున్నది. మళ్ళీ కరెంటు తీసి, వై మోటారు వైరు తెచ్చి ఎక్స్ మోటారుకు పెట్టాము. సుబ్బరంగా తిరిగింది! ఒకసారికి ఒక్క మార్పే చేయడం వల్ల పది నిమిషాలలో దొంగ దొరికాడు. మొదటి రోజు మేము మూడు మార్పులు కలిపి చేసి ఏది దేనివల్లనో తెలియక కూర్చున్నాము.

దొంగ మా పొడుగు వైరే. అయితే దానిని అంతకు ముందే మల్టీమీటరు బజరుతో చూశాము, నాలుగూ మోగినాయి. మోగినందువల్లనే మోసపోయాము. బజరు తెగలేదని మాత్రమే చెబుతుంది, ఏది ఎక్కడికి పోవాలో చెప్పదు. మా మోటారు సాకెట్టులో నాలుగు వైర్లను వరుసగా చూస్తే మొదటిది, మూడోది ఒక చుట్ట. రెండోది, నాలుగోది ఇంకొక చుట్ట. బోర్డు మీద మాత్రం పక్కపక్కన ఉన్నవి జతలు. అందుకే యంత్రంతో వచ్చిన పాత వైరులో నడిమి రెండింటిని అటుదిటు మార్చి ఉన్నారు. మేమది చూడకుండా బుద్ధిమంతుల్లాగా నాలుగూ తిన్నగా కట్టాము. దానితో ప్రతి చుట్టకూ ఒక కొస ఒక జతకు, రెండో కొస ఇంకో జతకు తగిలింది. రెండు చుట్టలకూ వంతులవారీగా అందవలసిన కరెంటు కలగాపులగమై మోటారు వణికింది. వై మోటారుకు పాత వైరే ఉన్నది కనుక అది నడిచింది.

నడిమి రెండు పిన్నులు సూదితో పీకి మార్చాము. తిరిగింది, కాని ఎదురు దిక్కుకు. పాత వైరులో ఏ కొస ఎటున్నదో కూడా మేము రాసిపెట్టుకోలేదు మరి. బావి మోటారు ఎదురు తిరిగితే మూడు ఫేజులలో ఏవైనా రెండు మారుస్తారు. ఇక్కడ ఒకే చుట్ట కొసలు రెండూ మార్చాలి, ఏవి పడితే అవి మారిస్తే మళ్ళీ గుయ్‌మంటుంది. పోలిక ఇంతవరకే పనికివచ్చింది.

నాలుగింటిలో ఒకటి తెగినా దాదాపు ఇదే వణుకుడు వస్తుంది. బల్లతో పాటు ముందుకూ వెనుకకూ వంగే చోట వైరు లోపల తెగి, పైన తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది. అటువంటప్పుడు బోర్డు వైపు ప్లగ్గు తీసి, మీటరును చుట్ట కొసలకు పెట్టి, బల్లను ఈ చివర నుండి ఆ చివరకు చేతితో నెమ్మదిగా జరపాలి. ఎక్కడో ఒకచోట ఓములు ఎగిరితే తెగింది అక్కడే.

వైర్లు సరిగా ఉండి, బరువు మీద పడగానే అడుగులు తప్పితే కరెంటు సర్దుబాటు చూడాలి. డ్రైవరు మీది చిన్న స్క్రూ వద్ద వోల్టేజిని కొలిచి, దానిని ఎనిమిదింతల రెసిస్టెన్స్‌తో భాగిస్తే గరిష్ఠ కరెంటు వస్తుంది. డ్రైవరు పక్కన ఆర్100 అని రాసి ఉన్న నల్లని ముక్క 0.1 ఓము. కనుక ఒక ఆంపియరుకు 0.8 వోల్టులు. ఇంతకు మించి పెట్టదలిస్తే చల్లబరిచే రేకు, ఫ్యాను కావాలి. ఇంకొకటి, దూరం తేడా వస్తే అది వైరింగు దోషం కాదు. మా మోటారుకు చుట్టుకు 200 అడుగులు, పదహారో వంతు మైక్రోస్టెప్పుతో 3200, స్క్రూ ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే మిల్లీమీటరుకు 400. ఈ సంఖ్య ప్రోగ్రాములో తప్పు పడితే వైర్లు ఎంత పీకినా లాభం లేదు.

కొత్త మోటారు కొనలేదు. మెస్సు డబ్బులు మెస్సుకే పోయినాయి.

ఎగ్జిబిషన్ నాడు యంత్రం పొద్దటి నుండి చిన్న చెక్క ముక్కల మీద చూడవచ్చిన పిల్లల పేర్లు చెక్కింది. మధ్యాహ్నం ఒక పాప పేరు సగంలో ఉండగా కరెంటు పోయింది. స్టెప్పర్ మోటారు తానెన్ని అడుగులు వేసిందో గుర్తుంచుకోదు, ఆ లెక్కంతా బోర్డుది, కరెంటు పోతే అదీ పోతుంది. కరెంటు వచ్చాక బల్లను మూలకు జరిపి సున్నా పెట్టుకుని, కొత్త చెక్కతో మొదటి నుండి చెక్కవలసి వచ్చింది. ఆ పాప సగం పేరున్న చెక్కను కూడా అడిగి తీసుకుపోయింది.