మన మాటకూ రాత ఉంది



"గోండీకి లిపి లేదు, అందుకే అది భాష కాదు" అని కొందరు అంటరు. ఆ మాట విని మనలో కొంతమంది సెలవులకు ఇంటికి పోయినా తెలుగులోనే జవాబు చెప్తున్నరు. ఆ మాట నిజమేనా? చూద్దాం.

మొదట భాష సంగతి. తెలుగు, గోండీ, కోలామీ మూడూ ద్రావిడ భాషలే. రెండు, మూడు, నాలుగు అనేవి గోండీలో రండ్, మూండ్, నాలుంగ్. చెయ్యిని కయ్ అంటం, చెవిని కెవి అంటం. పూర్వం ఈ మాటలు 'క'తోనే మొదలయ్యేవి, తెలుగులో తర్వాత 'చ' అయినయి అని భాషాశాస్త్రం చెప్తది. అంటే పాత శబ్దాన్ని దాచిపెట్టింది మన గోండీయే. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్ళు 29 లక్షల 84 వేల మంది. అయినా రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూల్‌లోని 22 భాషల్లో గోండీ లేదు.

ఇక కథల సంగతి. మన నాలుగు సగల కథలు ప్రధాన్‌ల నోట్లో ఉన్నయి. వాళ్ళ ఇంటి భాష మరాఠీ. కానీ కిక్రి వాయిస్తూ మన కథ గోండీలో పాడుతరు. కేస్లాపూర్ నాగోబాను కొలిచే మెస్రం వాళ్ళది ఏడు దేవుళ్ళ సగ. ఒక్క ప్రధాన్ తాత పోతే ఎన్నో రాత్రుల పాట ఆయనతోనే పోతది.

ఈ కథలను రాసిన వాళ్ళు ఉన్నరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నరు. 1943లో అక్కడ గోండు పిల్లల చదువు మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారైనయి. ప్రధాన్‌లు చెప్పిన కథలు 1948లో ఆయన పుస్తకంలో అచ్చయినయి. ఎమెనో అనే పండితుడు కోలామీ మీద రాసిన పుస్తకం 1955లో వచ్చింది.

లిపి మాత్రం లేదా? ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపిలో చేతిరాత ప్రతులు దొరికినయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు వాటిని లోకానికి తెలిపిండ్రు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే కంప్యూటర్‌లో కూడా రాయవచ్చు.

రాస్తే ఏం లాభం అంటారా? అమెరికాలో అల్గాంక్వియన్ కుటుంబానికి చెందిన వాంపనోగ్ ఆదివాసుల భాష వంద ఏండ్లకు పైగా మాట్లాడేవాళ్ళే లేక ఆగిపోయింది. కానీ 1663లో ఆ భాషలో అచ్చయిన బైబిలు, ఆ ప్రజలే రాసుకున్న ఉత్తరాలు, భూమి కాగితాలు మిగిలినయి. 1993 నుండి జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే వాంపనోగ్ మహిళ వాటిని చదివి భాష నేర్చుకొని, తన బిడ్డకు నేర్పింది. రాత ఉండబట్టే ఆ మాట తిరిగి వచ్చింది.

కాబట్టి మిత్రులారా, ఈ సెలవుల్లో మనం చేయవలసినవి:

1. అవ్వ, తాత చెప్పిన కథ వాళ్ళ మాటల్లోనే రాయాలి. దిద్దవద్దు.
2. తెలుగు అక్షరాలతో రాసినా సరే. అర్థం పక్కన వేరుగా రాయాలి.
3. చెప్పింది ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అనేవి తప్పక రాయాలి.
4. చెట్లు, పిట్టలు, పండుగల పేర్లు ముందు రాయాలి.
5. దేవుని పాటలు పెద్దల అనుమతి లేకుండా రాయవద్దు.

కోలామీ, కోయ మాట్లాడే అక్కాచెల్లెళ్ళు కూడా రాయాలి. వార్డెన్ మేడం గారు ఒక్కో భాషకు ఒక్క నోటుబుక్కు ఇప్పిస్తే లైబ్రరీలో పెట్టుకుందాం. మన తర్వాత వచ్చే చెల్లెళ్ళు చదువుకుంటరు.

— 9వ తరగతి విద్యార్థిని, బెల్లంపల్లి